ఏ వస్తువూ కదలని వేసవి

ఆ వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఏ వస్తువూ దాని చోటు నుంచి కదలడానికి వీల్లేదు. కుర్చీ వెనక వేలాడే తువ్వాలు, కిటికీలో బోర్లించిన పుస్తకం, గోడ మీద కొంచెం వంకరగా ఉన్న క్యాలెండరు, అన్నీ ఎక్కడివక్కడే ఉండాలి. ఎవరైనా ఏమరుపాటున ఆ తువ్వాలుతో చెయ్యి తుడుచుకోబోతే మా చెల్లి గుండె పట్టుకునేది.

"దండం పెడతాను, దాన్ని ముట్టుకోకండి! ఈ ఇంట్లో హీరోయిన్ తర్వాత ఆ తువ్వాలే."

నాకు అదేమీ కష్టమనిపించలేదు. మా ఆయన పోయినప్పటి నుంచి నేను ఆ ఇంట్లో ఏదీ కదపలేదు. ఇప్పుడు దానికొక కారణం దొరికింది, అంతే.

మా చెల్లి సినిమాలు తీస్తుంది. పెద్ద తెర మీదికి వచ్చేవి కావు. మొదటిది నేను పాఠాలు చెప్పే బడిలోనే, సెలవుల్లో ఖాళీగా ఉన్న తరగతి గదిలో తీసింది, మా ఆయన ఫోనుతో. ఆయన అదే బడిలో డ్రాయింగు మాస్టారు. ప్రతి షాటుకీ ముందుగా ఒక బొమ్మ గీసి ఇచ్చారు. ఆయన గీసిన మనుషులందరికీ ముక్కులు పెద్దవి. "బావా, ఇది ప్రేమకథా, జలుబు కథా?" అని ఆ బొమ్మలు అందరికీ చూపించి నవ్వించేది మా చెల్లి. ఆయన ఏమీ అనుకునేవారు కాదు. "ప్రేమకీ జలుబుకీ మందు లేదు మరదలా, దానంతట అది తగ్గాలి" అనేవారు.

తర్వాత స్నేహితుల గదుల్లో, అద్దె మేడల మీద, మూతబడ్డ బట్టల కొట్లో వెబ్ సిరీస్‌లు తీసి ఇంటర్నెట్లో పెట్టింది. అన్నిట్లోనూ ప్రేమించుకునేది ఇద్దరు ఆడవాళ్ళే. తనకు తెలిసిన ప్రేమ అదే. ఒక పెద్ద కంపెనీ వాళ్ళు పిలిచి, అంతా బ్రహ్మాండంగా ఉంది, ఇద్దరిలో ఒకరిని అబ్బాయిని చేసేస్తే చాలన్నారట. "చెయ్యొచ్చండీ. కానీ అబ్బాయిల్ని ప్రేమించడం నాకు రాదు. తప్పులు దొర్లుతాయి" అని చెప్పి వచ్చేసింది.

ఆ వేసవికి ఆమె చేతిలో ఉన్నది మూడేళ్ళుగా ముక్కలు ముక్కలుగా తీస్తున్న సిరీస్. అరవై దాటిన ఇద్దరు ఆడవాళ్ళ కథ. ఒకామె టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, ఎన్నడూ ఎవరితోనూ కలిసి బతకలేదు. ఆమె వంటింట్లో ఒకటే కప్పు ఉంటుంది. ఎదుటి వాటాలోకి ఒక టైలరమ్మ దిగుతుంది. సగం కథ గడిచాక, టైలరమ్మ మొదటిసారి ఇంటికి వచ్చిన రోజున, ఈమె స్టూలు ఎక్కి పై అరలోంచి ఎన్నడూ వాడని రెండో కప్పు దించి, దుమ్ము తుడిచి, టీ పోసి ఇస్తుంది. మా చెల్లి ఆ కథంతా ఆ కప్పు దించడం కోసమే రాసింది. ఈ మధ్య ఒక చిన్న సంస్థ, ఒక్క మాట కూడా మార్చమనకుండా, తీసుకుంటామని ఒప్పుకుంది. బయట సీన్లన్నీ అయిపోయాయి. ఇంట్లోవి మిగిలాయి.

ఆ ఇల్లు మాదే కావాలంది. మాది అంటే అద్దెదే. బళ్ళు తెరిచే వేళకి నేను ఖాళీ చెయ్యాలి. ఇంటాయన దాన్ని పడగొట్టి కొత్తది కడుతున్నాడు. ముఖ్యపాత్ర వేసే ఆవిడ కూడా వేసవి చివర్లో మనవరాలి పురుటికి వెళ్ళిపోతుంది. కాబట్టి ఆ సెలవుల్లో తీస్తే తీసినట్టు, లేకపోతే లేదు.

సామాను దింపిన సాయంత్రమే మా చెల్లి నా కుర్చీ ముందు నేల మీద కూర్చుంది.

"అక్కా, నాకో మనిషి తక్కువైంది."

"ఎవరు?"

"కంటిన్యూటీ చూసే అమ్మాయి. పెద్ద సినిమాలో పని దొరికిందని ఎగిరిపోయింది. ఆ పని నువ్వు చెయ్యాలి."

"నాకేం తెలుసే అదంతా?"

"పరీక్ష హాల్లో ఇన్నేళ్ళు కాపీలు పట్టుకున్నదానివి. ఏ పిల్లాడి చొక్కా మడతలో ఏముందో గుమ్మంలోంచే చెప్పేస్తావు. ఇదీ అంతే. షాటుకీ షాటుకీ మధ్య ఏదీ మారకూడదు. ఇవాళ గ్లాసులో నీళ్ళు సగం ఉంటే, రేపు తీసే ముక్కలోనూ సగమే ఉండాలి. చూసేవాళ్ళకి అది ఒకటే నిమిషం కదా."

"నన్ను ఈ కుర్చీలోంచి లేపడానికే ఇదంతా."

"అవును. లేస్తావా మరి?"

లేచాను.

కెమెరా చూసేది ముని. అసలు పేరు అది కాదు. మాట తక్కువని మా ఆయన పెట్టిన పేరు. ఏడేళ్ళ క్రితం మా చెల్లి ఆమెను మొదటిసారి మా ఇంటికి తీసుకొచ్చి, "బావా, ఈమె నా..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. గుక్క తిప్పుకోకుండా మాట్లాడే మా చెల్లి ఒక మాట దగ్గర ఆగడం నేను చూడటం అదే మొదలు. మా ఆయన ముందు చూసింది ఆ అమ్మాయి చేతిలో సంచీ బరువు. అది అందుకుని, "కూర్చోమ్మా. నువ్వు మా మరదలికి ఏమవుతావో తర్వాత తీరిగ్గా తేల్చుకుందాం. ముందు టీలో పంచదార ఎంతో చెప్పు" అన్నారు. టీ తాగుతుండగా ఆయనే తేల్చేశారు కూడా. "మా మరదల్ని మొగుడనుకో, పెళ్ళామనుకో, వాళ్ళ అక్క నీకు వదినే. ఏ వైపు నుంచి లెక్క వేసినా తేడా రాదు." ముని ఆ రోజు నవ్వింది గానీ మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర మాత్రం, "వస్తాను వదినా" అంది. ఆ పిలుపే ఉండిపోయింది.

షూటింగు మొదలైంది. ఇల్లంతా వైర్లు. వంటింటి తలుపు ఊడదీసి మంచం కింద పెట్టారు. శబ్దం పట్టే ఆయన చెవులకి డిప్పలు తగిలించుకుని ప్రతి షాటుకి ముందూ "నిశ్శబ్దం!" అని వీధి చివరికి వినబడేలా అరిచేవాడు. అందరికంటే ఎక్కువ చప్పుడు చేసేది ఆయనే కాబట్టి ఆయన్ని నిశ్శబ్దం గారని పిలిచేవాళ్ళం. ఆయనకి ఫ్యాను చప్పుడు పనికిరాదు. షాటు అయ్యేదాకా అందరం ఉడికిపోవలసిందే.

టెలిఫోన్ ఆఫీసు ఆవిడ పాత్ర వేసేది పిన్ని. నలభై ఏళ్ళు నాటకాలు ఆడిన మనిషి. ఎవరికీ చుట్టం కాదు, అందరికీ పిన్ని.

"డైరెక్టరమ్మా, ఈ వయసులో మనిషికి ప్రేమ కంటే ఫ్యాను ముఖ్యం. అది రాసుకో ముందు."

"ఒక్క షాటు పిన్నీ."

"నీ ఒక్క షాటు మా ఆయన ఒక్క సిగరెట్టు లాంటిది."

అంతలా ఆడిపోసుకునే మనిషి, కెమెరా తిరగగానే మరొకరైపోయేది. పొద్దున్నే లేచి, జుట్టు ముడి వేసుకుంటూ వంటింట్లోకి వచ్చి, టీ పెట్టుకుని, కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడటం. చెయ్యవలసింది అంతే. కానీ మొదటి గుక్క తాగడానికి ముందు ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం చూస్తూ మా చెల్లి "కట్" అనడం మర్చిపోయేది.

"ఇంత ఒంటరితనం ఎక్కడ దాచావు పిన్నీ?"

"నేను దాచడమేంటి? నువ్వు పెట్టిందే కదా, తీసి చూపిస్తున్నాను. ఇక ఫ్యాను వెయ్యి."

నా పని నేను చేశాను. మొదటి రోజు షూటింగుకి ముందు ప్రతి మూలకీ ఫోనుతో ఫోటో తీసుకున్నాను. ఆ తర్వాత రోజూ అందరికంటే ముందు లేచి, నా టీ నేను తాగి, వంటిల్లు కడిగి, తుడిచి, ఫోటోలో ఎలా ఉందో అలా సర్దేదాన్ని. పొయ్యి పక్కన అగ్గిపెట్టె ఏ వైపు తిరిగి ఉందో, గుడ్డ మడత ఎన్ని పొరలో, ఏదీ తప్పనివ్వలేదు. మా చెల్లి మానిటరు ముందు కూర్చుని, "మా అక్కకి నూటికి నూరు" అని అరిచేది. నా జీవితంలో నేను ఎవరికీ నూటికి నూరు వెయ్యలేదు. వేయించుకోవడం మాత్రం బావుంది.

ఆ రోజుల్లో నేను మళ్ళీ వేళకి తినడం మొదలుపెట్టాను. భోజనాల దగ్గర నిశ్శబ్దం గారు చెప్పే కబుర్లకి ఒకటి రెండుసార్లు నవ్వాను కూడా. నవ్విన తర్వాత మా చెల్లి వైపు చూస్తే, ఆమె చూడనట్టు పళ్ళెంలోకి చూసుకునేది.

కప్పు దించే సీను మర్నాడు తియ్యాలి. ఆ మధ్యాహ్నం పిన్ని ముందుగదిలో మోకాళ్ళకి మందు రాసుకుని పడుకుంది. ముని లెన్సులు తుడుస్తోంది. మా చెల్లి నడిమి గదిలో కంప్యూటరు ముందు కూర్చుని, మర్నాటి సీనుకి సరిపోవాలని, అంతకుముందు తీసిన వంటింటి ముక్కలు తిరగేస్తోంది.

"మునీ."

పిలిచిన తీరుకి అందరం తల ఎత్తాం.

"ఒకసారి ఇటు రా. అందరూ రండి."

తెర మీద మా వంటిల్లు. పిన్ని వీపు, పొయ్యి, పొయ్యి పక్కన స్టీలు పళ్ళెం. పళ్ళెంలో కప్పులు బోర్లించి ఉన్నాయి.

"ఎన్ని?" అంది మా చెల్లి.

నిశ్శబ్దం గారు వేలు పెట్టి చూపించి, "రెండు" అన్నాడు.

ఇంకో ముక్క వేసింది. రెండు. ఇంకోటి. రెండు. పిన్ని చేతిలో ఒకటి ఉన్న ముక్కల్లో, పళ్ళెంలో ఇంకొకటి.

"ఒకటే కప్పున్న మనిషి కథ ఇది" అంది మా చెల్లి నెమ్మదిగా. "మొదటి సీను నుంచీ రెండోది కళ్ళ ముందే ఉంటే, రేపు ఆవిడ స్టూలెక్కి దించేది ఏంటి?"

"నేను ఫోటో ప్రకారమే పెట్టాను" అన్నాను. ఫోను తెచ్చి చూపించాను. మొదటి రోజు ఫోటోలోనూ రెండే ఉన్నాయి. కంటిన్యూటీలో ఎక్కడా తప్పు లేదు.

ఫోటో చూస్తుంటే అప్పుడు గుర్తొచ్చింది. షూటింగు మొదలయ్యే ముందు రోజు సాయంత్రం మా చెల్లి వంటిల్లు తన కథకి తగ్గట్టు సర్దింది. మర్నాడు పొద్దున్నే నేను టీకి వచ్చేసరికి పళ్ళెంలో ఒకటే కప్పుంది. రెండోది పై అరలో కనబడింది. అక్కడెవరు పెట్టారబ్బా అనుకుని దించాను, కడిగాను, రెండూ బోర్లించాను. ఆ తర్వాత ఫోటో తీశాను.

అంచున నీలం గీత ఉన్న కప్పు అది. మా ఆయనది.

మా చెల్లి నన్ను ఏమీ అనలేదు. ముని వైపు తిరిగింది.

"మేమెవరం చూడకపోయినా సరే. అద్దంలోంచి చూసేది నువ్వు. నీకు కనబడలేదా?"

ముని చేతిలోని గుడ్డ వైపు చూసుకుంది.

"నిన్నే అడుగుతున్నాను. కనబడిందా లేదా?"

"కనబడింది."

"ఎప్పుడు?"

"షూటింగు మొదలైన మర్నాడే."

"మర్నాడే! చూసి కూడా నోట్లో బెల్లంగడ్డ పెట్టుకుని కూర్చున్నావా? మూడేళ్ళు మునీ! ఈ ఇల్లుండదు, పిన్ని ఉండదు, మళ్ళీ ఎక్కడ తీస్తాను నేను? నా మీద కోపముంటే ఇంకేదైనా..."

"పొద్దున్నే వెలుతురు చూసుకోవడానికి నేను వంటింటి గుమ్మంలో నిలబడతాను కదా" అంది ముని. చేతిలో లెన్సు గుడ్డ నలుపుతోంది. "వదిన ఒక కప్పులో టీ తాగుతుంది. తాగి, రెండు కప్పులూ కడుగుతుంది. రెండూ తుడుస్తుంది. రెండూ పక్కపక్కన పెడుతుంది. అందులో ఒకటి తీసెయ్యండి వదినా అని నన్ను చెప్పమంటావా? నువ్వు చెప్పు. పోనీ, ఇప్పుడు చెప్పు. చెప్పగలవా?"

ఆమె అంత మాట మాట్లాడటం ఏడేళ్ళలో నేను వినలేదు. ఎవరూ అరవకుండా మా ఇంట్లో నిశ్శబ్దమైంది ఆ వేసవి మొత్తం మీద అప్పుడే.

రోజూ రెండు కప్పులు కడుగుతున్నానని నాకు తెలియదు.

"పొరపాటు నాది, అమ్మడూ" అన్నాను. "మునిని ఏమీ అనకు."

మా చెల్లి తల అడ్డంగా ఊపింది. "మానిటరు ముందు కూర్చున్నది నేనక్కా. రోజంతా ఆ పళ్ళెం నా కళ్ళ ముందే ఉంది. ఈ ఇంట్లో ఒకటే కప్పు ఉండుంటే నాకు తేడా తెలిసేదేమో. రెండుంటే ఏం తెలుస్తుంది? ఎప్పుడూ ఉండేవి రెండే కదా."

ఆ మాట పూర్తి చేసి ఏడ్చింది. ఆయన పోయినప్పుడు పనులన్నీ తనే నెత్తిన వేసుకుని తిరిగింది. ఏడవడానికి తీరిక లేకపోయింది. ఇప్పుడు తీరిక దొరికినట్టుంది. ముని వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. భుజం మీద చెయ్యి వెయ్యలేదు. కోపం ఎవరిదీ ఇంకా పూర్తిగా పోలేదు. పక్కన మాత్రం కూర్చుంది.

కాసేపటికి నిశ్శబ్దం గారు గొంతు సవరించుకున్నాడు. "కంప్యూటర్లో ఆ కప్పుని చెరిపేసే ఉపాయం ఉందేమో..."

"దాని ముందు నుంచి ఆవిరి పోతోంది. పిన్ని చెయ్యి పోతోంది. కెమెరా కదులుతోంది" అంది ముని. "అన్ని ముక్కల్లో చెరపడం మన వల్ల కాదు."

"ఏంటమ్మా ఆ రాద్ధాంతం?" ముందుగదిలోంచి పిన్ని కుంటుకుంటూ వచ్చింది. మందు వాసన ఆమె కంటే ముందు వచ్చింది. మా చెల్లి ముక్కు తుడుచుకుని సంగతి చెప్పింది. పిన్ని అంతా విని, మా అందరి మొహాలు వరసగా చూసింది.

"అది తప్పా?"

"తప్పు కాక?"

"మరి నేను ఆ కప్పుని చూసే కదే తల్లీ యాక్టింగ్ చేసింది!"

ఎవరికీ అర్థం కాలేదు.

"మొదటి రోజే చూశాను. పళ్ళెంలో రెండున్నాయి, తాగేది ఒకటి. ఓహో, ఈవిడకి ఎవరో ఉండేవారు, ఇప్పుడు లేరు అనుకున్నాను. మాటల్లో ఎక్కడా రాయకుండా కప్పులో పెట్టింది, మా పిల్ల ఎంత తెలివైందీ అనుకున్నాను. రేపు స్టూలెక్కి దించేది మూడోది కాబోలనుకున్నాను. నాటకాల్లో స్టేజీ మీద ఏదీ ఊరికే పెట్టరు. ఇక్కడ ఊరికే పెడతారని నాకేం తెలుసు?"

మా చెల్లి కంప్యూటరు వైపు తిరిగింది. మొదటి సీను వేసింది. పిన్ని కిటికీ దగ్గర, కప్పు పెదాల దాకా తెచ్చి, ఆగింది. ఆగినప్పుడు కళ్ళు పక్కకి, పొయ్యి వైపు వెళ్ళి వచ్చాయి. అంతే. మళ్ళీ వేసింది. మళ్ళీ.

"ఎక్కడ దాచావని నన్ను అడిగావు గుర్తుందా? నువ్వు పెట్టిందే అన్నాను" అంది పిన్ని. "నువ్వు కాదన్నమాట, మీ అక్క పెట్టింది."

మా చెల్లి చాలాసేపు తెర వైపే చూసింది. నాకు ఆమె మొహం తెలుసు. లెక్క తప్పిన పిల్ల, తప్పిన చోటు నుంచే ఇంకో దారి కనబడితే అలా చూస్తుంది. కానీ ఆ చూపు అక్కడే అణచుకుని నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఈ కథని అలా మార్చొచ్చు. తీసినవన్నీ పనికొస్తాయి. ఇక ముందువి కొత్తగా రాసుకోవాలి, అంతే. కానీ ఇది నీ సంగతి. తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అందరూ చూస్తారు. మీ స్టాఫ్ రూములో కూడా చూస్తారు. నీకు వద్దనిపిస్తే వద్దను. నిజంగా మానేస్తాను. దీనికంటే ముందు తీశాను, తర్వాత ఇంకోటి తీస్తాను."

ఆమె నిజమే చెబుతోంది. మానేసేదే. మూడేళ్ళ పని నా ఒక్క మాట మీద పక్కన పెట్టి, పైకి నవ్వుతూ సామాను సర్దుకునేది. ముని లెన్సు గుడ్డ కిందపెట్టి నన్నే చూస్తోంది. నేను పళ్ళెం వైపు చూశాను. రెండూ ఉన్నాయి. పొద్దున నేను పెట్టినట్టే.

"టైలరమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఏం రాస్తావు?" అన్నాను.

మా చెల్లి జాగ్రత్తగా మాట్లాడింది. "ఇంకా తెలీదు. టీ ఇవ్వాలి కదా. ఆ రెండో కప్పులో పోసి ఇస్తుందేమో."

"ఇవ్వదు."

"ఇవ్వదా?"

"ఇవ్వదు. టైలరమ్మ చెయ్యి చాస్తే కూడా ఇవ్వదు."

"మరి దేంట్లో ఇస్తుంది?"

"తన కప్పు ఇచ్చేస్తుంది. తను గ్లాసులో పోసుకుంటుంది. చెయ్యి కాలుతుంది, కొంగుతో పట్టుకుంటుంది."

"ఎన్నాళ్ళలా?"

"కొన్నాళ్ళు."

"తర్వాత?"

"తర్వాత టైలరమ్మే ఇంటి నుంచి ఒకటి తెచ్చుకుంటుంది. తెలివైన మనిషైతే."

పిన్ని పకపకా నవ్వింది. "రాసుకో, డైరెక్టరమ్మా! మీ అక్కకి డబ్బులిచ్చి మరీ రాసుకో!"

మా చెల్లి రాసుకోలేదు. నా మెడ చుట్టూ చేతులు వేసి, చిన్నప్పుడు పట్టుకున్నట్టే ఊపిరాడకుండా పట్టుకుంది. "వదులు, వేసవికాలం" అన్నాను. మునితో ఆ సాయంత్రమే సఖ్యమైపోయింది. ఎలాగో నేను చూడలేదు. మేడ మెట్ల మీద ఇద్దరూ ఒకే పళ్ళెంలోంచి తింటుంటే మాత్రం చూశాను.

టైలరమ్మ పాత్ర వేసే ఆవిడ బ్యాంకులో పనిచేస్తుంది. సెలవు పెట్టి వచ్చింది. కొత్త సీన్లు చదువుకుని, "నాకు ఒక్క మంచి డైలాగు లేదు, ఒక కప్పుంది" అని గొణిగింది గానీ, ఆ కప్పు తనే వెతికి తెచ్చుకుంది. పసుపురంగుది, కొంచెం లావు. దాన్ని రంగురంగుల గుడ్డ పీలికల్లో చుట్టి తీసుకురావాలన్నది కూడా ఆమె ఆలోచనే. "టైలర్ని కదా, కాగితంలో ఎందుకు చుడతాను?" అంది.

ఆ సీను చివరి రోజున తీశారు. అప్పటికి ముందుగదిలో నా పుస్తకాలు పెట్టెల్లోకి ఎక్కాయి. వంటిల్లొక్కటే మామూలుగా ఉంది. నేను ఫోటో తీసి, పక్కకి వచ్చి, తలుపు లేని గుమ్మం దగ్గర నిలబడ్డాను. నిశ్శబ్దం గారు అరిచాడు. ఫ్యాను ఆగింది.

టైలరమ్మ వచ్చింది. మాట్లాడకుండా మూట విప్పింది. ఒక్కో పీలికా తీసి గట్టు మీద పెడుతుంటే, పిన్ని మొదట మూటని చూసింది, తర్వాత ఆమె మొహాన్ని చూసింది. టీ పోసింది. ఇద్దరూ నిలబడే తాగారు. అది అయ్యాక పిన్ని కప్పులు కడిగి, తన కప్పు పళ్ళెంలో ఎప్పుడూ పెట్టే చోట పెట్టింది. పసుపుదాన్ని పళ్ళెం పక్కన గట్టు మీద పెట్టాలని మా చెల్లి చెప్పింది. పిన్ని దాన్ని గట్టు దాకా తెచ్చింది. ఆగింది. మళ్ళీ చెయ్యి పైకెత్తి, నీలం గీత కప్పుని రెండు వేళ్ళతో నెమ్మదిగా గోడ వైపుకి జరిపి, ఖాళీ అయిన చోట్లో కొత్తదాన్ని బోర్లించింది.

మా చెల్లి "కట్" అనడానికి ఆలస్యమైంది.

"పిన్నీ, అది..."

"గట్టు తడిగా ఉందమ్మా. తుడిచిన కప్పుని తడిలో ఎవరు పెడతారు?" అంది పిన్ని. "వద్దంటే చెప్పు, మళ్ళీ చేస్తాను."

మా చెల్లి నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడిందో నాకు కనబడింది. ముని కెమెరా మీద వంగే ఉంది.

"వద్దు. ఇదే ఉండనీ" అన్నాను.

ఇప్పుడు ఆ పళ్ళెం ఒక్కదాన్నే దగ్గరగా తియ్యాలి. లైటు స్టాండు లోపలికి తెచ్చారు. వైరు గోడ పక్క నుంచి లాగడానికి నిశ్శబ్దం గారు పళ్ళేన్ని ఎత్తి పక్కన పెట్టి, వైరు సర్ది, మళ్ళీ ఎత్తి దాని చోట పెట్టాడు. కప్పులు మూడూ ఒక పక్కకి జారి ఒకదానికొకటి తగిలి ఆగాయి. ఆయన నాలుక కరుచుకున్నాడు.

"ఫోటో ఉందా?" అంది మా చెల్లి.

లేదు. నేను ఫోటో తీసింది సీనుకి ముందు. పిన్ని కప్పు జరుపుతుందని అప్పుడు ఎవరికీ తెలియదు.

"తీసింది వెనక్కి వేసి చూడొచ్చు, కానీ వెలుతురు పోతోంది" అంది ముని. కిటికీ వైపు చూసి, తర్వాత నా వైపు తిరిగింది. "వదినా, ఎక్కడుండాలి?"

వైర్లు తొక్కకుండా చూసుకుని లోపలికి వెళ్ళాను. కెమెరా ముందు నిలబడటం నాకు అదే మొదలు. పిన్ని కప్పు దాని చోట పెట్టాను. పసుపుదాన్ని పక్కన పెట్టాను. నీలం గీత కప్పు మిగిలింది. దాన్ని పట్టుకుంటే చెయ్యి దానంతట అది పాత చోటుకే వెళ్ళింది. అక్కడ ఇప్పుడు పసుపుది ఉంది. ఆపాను. పిన్ని వేళ్ళు ఎంత దూరం జరిపాయో తలుచుకుని, గోడ వైపుకి జరిపాను. పళ్ళెం అంచుకి తగలకుండా, పసుపుదానికి తగలకుండా.

ముని కెమెరాలోంచి చూస్తోంది. "ఇంకొంచెం గోడ వైపు ఉందేమో వదినా."

"లేదు" అన్నాను. "ఇక్కడే. నాకు గుర్తుంది."

చెయ్యి తీసేసి, ఫ్రేములోంచి బయటికి వచ్చాను.

"అక్క చెప్పింది కదా" అంది మా చెల్లి. "రోల్ చెయ్యి."